క్లాసులో 58 మంది ఉన్నారు, పలికేది నలుగురు

మహేంద్రతనయ (పర్లాకిమిడి), ఆదివారం రాత్రి 10.15

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. మా దగ్గర ఇప్పుడు కొన్ని పేపర్లకి వారంలో మూడు క్లాసులు గదిలో, రెండు ఫోన్లో. బ్లెండెడ్ పద్ధతి మీద యూజీసీ 2021లో ఇచ్చిన పత్రంలో ఒక కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్లో చెప్పుకోవచ్చని ఉంది కదా, మావాళ్లు కొలత పెట్టినట్టు సరిగ్గా 40 శాతమే పట్టుకున్నారు.

మొన్న శుక్రవారం సాయంత్రం క్లాసు. రోల్లో 62 పేర్లు, వచ్చింది 58. తెర నిండా నల్లటి గళ్లు, గళ్లలో పేర్ల మొదటి అక్షరాలు. స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మొదలుపెట్టాను. "అర్థమైందా?" అనగానే చాట్‌లో "యస్ సార్"లు జీడిపిక్కల బస్తా విప్పినట్టు జలజలా రాలాయి. సరే, సగటు కనుక్కున్నాక తరవాత ఏం చేస్తాం అని అడిగాను. చప్పుడు లేదు. చివరికి ఎప్పుడూ పలికే ఆ నలుగురే పలికారు.

క్లాసు అయిపోయింది, వెళ్లొస్తానన్నాను. కావాలనే మీటింగ్ ఆపలేదు. పది నిమిషాల తరవాత చూస్తే ఇంకా 19 మంది ఉన్నారు! పేరుపేరునా పిలిచాను. ఒక్కరూ పలకలేదు. ఒకరి మైకు మాత్రం తెరిచి ఉంది, ఆ ఇంట్లో ఎవరో పప్పుకి తాలింపు పెడుతున్నారు.

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, హాజరు లెక్కలో ఆ 19 మందికే అందరికన్నా ఎక్కువ నిమిషాలు పడ్డాయి.

ఇదే పిల్లలు గదిలో ఇంత మూగగా ఉండరు. కెమెరాలు తప్పనిసరి చేసెయ్యమని తోటి లెక్చరర్ సలహా. నాకు మనసొప్పలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

చాక్‌పీస్ (జయపురం), ఆదివారం రాత్రి 10.50

మాస్టారూ, నేను 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. గదిలో మూగగా ఉండరంటున్నారు, అది భ్రమ. వెనక బెంచీల్లో కళ్లు తెరుచుకుని నిద్రపోయేవాళ్లు నా దగ్గర ఏటా ఉండేవాళ్లు. ఇప్పుడు ఫోను ఆ సంగతి బయటపెట్టింది, అంతే.

మా నాయనమ్మ కథ చెప్పేటప్పుడు ఊ కొట్టాలి. కొట్టకపోతే ఆపేసేది. మేం నిద్రలో కూడా ఊ కొట్టడం నేర్చుకున్నాం. అది కనిపెట్టి ఆవిడ మధ్యలో "అప్పుడా రాజు ఎటు వెళ్లాడ్రా?" అని అడిగేది. మీ "అర్థమైందా"కి వచ్చిన "యస్ సార్"లు ఆ నిద్రలో ఊలు. ఆ ప్రశ్న అడగడం మానెయ్యండి ముందు. 31 ఏళ్లలో దానికి "లేదు" అన్నవాణ్ణి నేను ఇద్దర్నే చూశాను.

ప్రాణహిత (సిరొంచ), సోమవారం ఉదయం 7.20

నాకు తాలింపు దగ్గర నవ్వాగలేదు సార్. మాకు ఇది రోజూ ఉండేదే.

నేను మహారాష్ట్రలోని సిరొంచలో, ఐఐటీలు ఆన్‌లైన్లో చెప్పే ఎన్‌పీటెల్ కోర్సులు తీసుకున్న పిల్లలకి మెంటర్‌గా ఉంటున్నాను. మా ఊరు మీకు తెలిసే ఉంటుంది, అటు కాళేశ్వరం, ఇటు మేం, మధ్యలో నది. మా యూనివర్సిటీ గడ్చిరోలిలో ఉంది, 200 కిలోమీటర్లకి అటూ ఇటూ. అందుకే ఆన్‌లైన్ అనగానే మేం చాలా సంబరపడ్డాం. ఐఐటీ ప్రొఫెసర్ మన ఇంటికే వచ్చి చెప్తాడని.

పన్నెండు వారాల కోర్సు. వారానికో అసైన్‌మెంట్, అందులో మంచి మార్కులొచ్చిన 8 లెక్కలోకి తీసుకుంటారు, వాటికి 25 శాతం. మిగతా 75 కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకి. మొదటి వారం 40 మంది చేస్తారు. మూడో వారానికి సగం. ఆరో వారం నుంచి విచిత్రం మొదలవుతుంది: వీడియోలు చూసేవాళ్లు ఐదారుగురే, అసైన్‌మెంట్లో పదికి పది వచ్చినవాళ్లు మాత్రం పాతికమంది! జవాబులు టెలిగ్రామ్‌లో వస్తాయి మరి. చివర్లో పరీక్ష ఫీజు కట్టేది నలుగురు. కోర్సులో చేరడం ఉచితమే. వెయ్యి రూపాయల పరీక్ష ఫీజుకన్నా పరీక్ష ఊరికి వెళ్లి రావడం, అక్కడ ఉండడం వీళ్లకి బరువు.

ఇందులో పిల్లల తప్పు ఎంత, ఏర్పాటు తప్పు ఎంత అని నేను ఇంకా తేల్చుకోలేదు.

కిన్వట్ నాన్న, సోమవారం మధ్యాహ్నం 1.05

లెక్చరర్ల బాధ లెక్చరర్లు చెప్పుకుంటున్నారు, మా బాధ కూడా వినండి. మా అమ్మాయి ఇంట్లోనే ఉండి చదువుతోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను. అది క్లాసో, రీల్సో మాకెట్లా తెలుస్తది? అడిగితే "క్లాసు నాన్నా" అంటది. మా తమ్ముడు కాలేజీకి పోతే సాయంత్రం సైకిల్ స్టాండ్ పెట్టిన చప్పుడు వినగానే చదువుకొచ్చాడని మా అమ్మకి నమ్మకం ఉండేది. వాడు నిజానికి సినిమాకి పోయేవాడు, అది వేరే సంగతి.

కెమెరా పెట్టిస్తే తప్పేముంది సార్?

గుణుపురం ప్యాసింజర్, సోమవారం రాత్రి 8.40

నేను స్టూడెంట్‌ని. ఫైనలియర్ బీకాం. మొదటి సార్ కాలేజీ కాదు, వేరే. మా వైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా అని రాస్తున్నా. తప్పుంటే క్షమించండి.

కెమెరా గురించి. మాది రెండు గదుల ఇల్లు. క్లాసు టైముకి నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటారు, లుంగీలో. ఆయన మంచం నా వెనకే ఉంటుంది. నేను కెమెరా పెడితే 60 మందీ మా నాన్న నిద్ర చూస్తారు. ఇంకో గదిలో తమ్ముడు, అమ్మ, టీవీ. రోజుకి 1.5 జీబీ, అది నేనూ తమ్ముడూ పంచుకోవాలి. వీడియో పెడితే సాయంత్రానికి అయిపోతుంది.

పలకకపోవడం గురించి. నాకు చాలాసార్లు జవాబు తెలుసు. ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఇప్పుడు పుస్తకం ఇంగ్లీషు. అమ్మ సగటు అంటుంది, స్కూల్లో హారాహారి అన్నారు, ఇక్కడ మీన్ అంటున్నారు. సార్ అడిగాక నేను జవాబు మనసులో అనుకుని, ఇంగ్లీషులోకి మార్చుకుని, స్పెల్లింగ్ చూసుకుని టైప్ చేసేసరికి ఆ నలుగురిలో ఒకరు చెప్పేస్తారు. నేను టైప్ చేసింది చెరిపేస్తాను. అలా చెరిపినవి ఎవరికీ కనిపించవు కదా. మేడమ్‌లు, సార్‌లు నేను ఆ క్లాసులో లేనని అనుకుంటారు.

ఇంకోటి. నేను రికార్డింగులు నౌపడ లైన్ రైల్లో వింటాను. కాశీనగర్ దాటాక కాసేపు సిగ్నల్ పోతుంది. ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. గంట వీడియో డౌన్‌లోడ్ అవదు.

మహేంద్రతనయ, సోమవారం రాత్రి 9.10

అమ్మాయ్, ఇది నాలుగుసార్లు చదివాను. "చెరిపినవి ఎవరికీ కనిపించవు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నేను ప్రశ్న అడిగి మూడు సెకన్లు కూడా ఆగను. ఆ నలుగుర్ని అలా తయారుచేసింది నేనేనేమో.

బరంపురం బాబు, సోమవారం రాత్రి 9.30

అసలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు ఆ సరిహద్దు గీత ఇంకో నాలుగు మైళ్లు ఇటు గీసుంటే పర్లాకిమిడి పిల్లలకి ఈ మూడు భాషల తిప్పలు...

నిర్వాహకులు, సోమవారం రాత్రి 9.34

బాబు గారూ, దానికి వేరే చర్చ ఉంది, 212 పేజీలు. అక్కడికి దయచేయండి.

చదువుల చీమ (బరంపురం), మంగళవారం ఉదయం 6.45

నేను ఈ విషయం మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

కెమెరా సంగతి మీద అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో ఒక బయాలజీ కోర్సు పిల్లల్ని అడిగి 2021లో వ్యాసం వేశారు. కెమెరా ఎందుకు పెట్టరంటే అందరికన్నా ఎక్కువమంది చెప్పింది "నేను ఎలా కనిపిస్తానో అని". వెనక ఇంట్లోవాళ్లు కనిపిస్తారని, నెట్ సరిగా లేదని కూడా చెప్పారు. అంటే గుణుపురం చెల్లి నాన్నగారి మంచం అక్కడా ఉంది. ఆ వ్యాసం రాసినవాళ్లు కెమెరా తప్పనిసరి చేయొద్దనే అన్నారు. కిన్వట్ నాన్న గారూ, కెమెరా పెడితే ముఖం కనిపిస్తుంది, బుర్ర ఎక్కడుందో కనిపించదు. మీ తమ్ముడి సైకిల్ లాగే.

పరిశోధనల్లో చదువులో లీనమవడాన్ని, వాళ్ల మాటలో ఎంగేజ్‌మెంట్‌ని మూడు పాయలుగా చెప్తారు. రావడం, చేయడం ఒకటి. ఇష్టం, మనవాళ్లన్న భావన ఇంకోటి. బుర్ర పెట్టడం మూడోది. మన హాజరు లెక్కలన్నీ మొదటి పాయలో, అందులోనూ మొదటి సగాన్నే కొలుస్తాయి. తాలింపు ఇంటికి ఫుల్ మార్కులు వచ్చింది అందుకే.

ఇక వీడియోల నిడివి. ఎడెక్స్ అనే అమెరికా ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలు తీసుకుని 2014లో ఒక లెక్క తేల్చారు. వీడియో ఎంత పొడుగున్నా సగటు విద్యార్థి నిలబడి చూసేది మహా అయితే 6 నిమిషాలు. (సగటు అన్నది ఇక్కడ మీడియన్, అంటే వరసలో మధ్యనున్న అంకె, చాక్‌పీస్ మాస్టారు కోప్పడకముందే చెప్తున్నా.) అయితే ఎడెక్స్‌లో చేరేవాళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకి చేరినవాళ్లు, మన పిల్లలకి అదే అంకె అతికించకూడదు. కానీ రైల్లో డౌన్‌లోడ్ సమస్య చూస్తే మనకి చిన్న వీడియోలు ఇంకా ఎక్కువ అవసరం.

ప్రాణహిత, మంగళవారం ఉదయం 8.00

చీమగారూ, ఇవన్నీ సరే. మా కోర్సులు నడిచే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక స్వయంలో ప్రతి కోర్సుకీ నాలుగు భాగాలు పెట్టారు కదా, వీడియో, చదివే పాఠం, స్వీయ పరీక్ష, నాలుగోది సందేహాల చర్చ. మా పిల్లల్లో ఆ నాలుగోదానిలో ఒక్క వాక్యం రాసినవాణ్ణి నేను చూడలేదు. ఎందుకని అడిగితే ఒకబ్బాయి చెప్పాడు: "మేడమ్, అక్కడ వేలమంది ఉంటారు. నా ఇంగ్లీషు చూసి నవ్వుతారు. నవ్వకపోయినా జవాబు ఎవరిస్తారు?"

మొదటిదానికన్నా నన్ను కుదిపింది ఆ రెండోది. ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, శనివారం సాయంత్రం కాలేజీ గదిలో అందరం కూర్చుని ఆ వారం వీడియో కలిసి చూస్తాం. ప్రతి ఐదు నిమిషాలకి ఆపుతాం. తెలుగులో, మరాఠీలో గొడవ పడతాం. అసైన్‌మెంట్ అక్కడే చేస్తాం, టెలిగ్రామ్ బయట పెట్టి. ఈసారి పరీక్ష ఫీజు 11 మంది కట్టారు. పెద్ద అంకె కాదు. నలుగురి నుంచి పదకొండు.

చాక్‌పీస్, మంగళవారం ఉదయం 9.15

అంటే ఆన్‌లైన్ కోర్సుని గదిలోకి తెచ్చుకున్నారు. నేను మొదటినుంచీ చెప్తున్నది అదేగా!

ప్రాణహిత, మంగళవారం ఉదయం 9.22

లేదు మాస్టారూ. మా ఊళ్లో ఆ సబ్జెక్టు చెప్పే మనిషే లేడు. పాఠం చెప్పేది ఆన్‌లైనే. గదిలో ఉన్నది చెప్పేవాళ్లు కాదు, తోటివాళ్లు.

కిన్వట్ నాన్న, మంగళవారం రాత్రి 9.50

నిన్న మా అమ్మాయిని క్లాసా రీల్సా అని అడగలేదు. "ఇవ్వాళ ఏం చెప్పారమ్మా, నాకు చెప్పు" అన్నా. నాకు జీఎస్టీ గురించి అరగంట చెప్పింది. నాది కిరాణా షాపు, నేనే నాలుగు డౌట్లు అడిగిన. రెండింటికి సమాధానం రాలె. రేపు సార్‌ని అడుగుతా అంది.

మహేంద్రతనయ, నాలుగు వారాల తరవాత, శనివారం రాత్రి 11.05

చర్చ కిందికి వెళ్లిపోయింది, మళ్లీ పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. ఏం చేశానో, ఏం చెడిందో చెప్పాలి.

55 నిమిషాల లెక్చర్ ముక్కలు చేశాను. ఒక్కోటి ఏడెనిమిది నిమిషాలు, తెల్ల కాగితం మీద పెన్నుతో లెక్క చేస్తూ, నా ముఖం లేకుండా. ఫైలు చిన్నదవుతుంది. అవి ముందురోజే పంపేస్తాను. లైవ్ క్లాసు 25 నిమిషాలే, అందులో నేను కొత్తగా ఏమీ చెప్పను. లెక్కలు చేయడమే. ప్రశ్న అడిగాక పూర్తిగా ఒక నిమిషం ఆగుతాను, గడియారం చూసుకుంటూ. మొదటిసారి ఆ నిమిషం నాకు ప్రాణం మీదికొచ్చింది. జవాబు చాట్‌లో అందరూ టైప్ చేసి పెట్టుకుని, నేను "ఇప్పుడు" అన్నాకే పంపాలి. దాంతో ఆ నలుగురి హవా తగ్గింది.

అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం వేరే. వీడియో చూశాక "నేను ఇక్కడ ఆగిపోయాను" అని ఒక్క ముక్క నాకు పంపాలి. ఏ భాషలోనైనా. రాయలేకపోతే వాయిస్ పంపొచ్చు. వాటిలోంచి రెండు మూడు తీసి, పేర్లు చెప్పకుండా, వాటితోనే క్లాసు మొదలుపెడతాను. మొదటి వారం 11 మంది పంపారు. పోయిన వారం 37. తమ మాటతో క్లాసు మొదలవడం ఒకసారి విన్నవాళ్లు మళ్లీ పంపుతున్నారు, నేను గమనించినంతలో.

భాష సంగతి నేను అనుకున్నంత సులువు కాదు. తెలుగులో చెప్పేస్తే అయిపోతుందని ఇక్కడ కొందరు నాకు విడిగా రాశారు. నా క్లాసులో సగం మందికి తెలుగు రాదు, ఒడియా పిల్లలు. ఇంకో పదిమంది సవర పిల్లలు, వాళ్లకి రెండూ పరాయివే. ఒక సవర అబ్బాయి తన భాషలో వాయిస్ పంపాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, సిగ్గేసింది. వాడి స్నేహితుణ్ణి అడిగి ఒడియాలో చెప్పించుకున్నాను. ఆ డౌట్ ఆ వారం వచ్చినవాటిలోకెల్లా మంచిది.

చెడినవి. వాట్సాప్‌లో ఆరుగురేసి గ్రూపులు పెట్టాను, చర్చించుకుంటారని. రెండు రోజుల్లో గుడ్ మార్నింగ్ పువ్వులతో నిండిపోయాయి. మూసేశాను. వచ్చినవన్నీ చదవడానికి, వినడానికి నాకు రోజూ గంటన్నర పడుతోంది, 120 మంది క్లాసైతే ఇది కుదరదు. పైగా లైవ్ క్లాసు 25 నిమిషాలే ఎందుకని ఆఫీసు నుంచి నోటీసు. నిమిషాలు తగ్గాయట.

ఇంకో ముచ్చట. కొందరు పిల్లలు "సార్ ఇదివరకు బాగా చెప్పేవారు, ఇప్పుడు మాచేతే చేయిస్తున్నారు" అని ఫీడ్‌బ్యాక్‌లో రాశారు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

చదువుల చీమ, ఆదివారం ఉదయం 7.10

నిద్రపోండి సార్. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో సరిగ్గా ఇదే చూసి 2019లో రాశారు. ఒకే పాఠం, సగం మందికి మంచి వక్త చేత లెక్చర్, సగం మందికి వాళ్లచేతే చేయించడం. చేసినవాళ్లకి పరీక్షలో ఎక్కువ వచ్చాయి. "ఎక్కువ నేర్చుకున్నాం" అని అనుకున్నది మాత్రం లెక్చర్ విన్నవాళ్లు. చేసేటప్పుడు తడబడతాం కదా, ఆ తడబాటుని రాకపోవడం అనుకుంటాం. ఈ మాట పిల్లలకి టర్మ్ మొదట్లోనే చెప్పెయ్యమని కూడా వాళ్లు అన్నారు.

ఆ నోటీసు సంగతికి నా దగ్గర మందు లేదు.

చాక్‌పీస్, ఆదివారం ఉదయం 8.30

ఆ సవర పిల్లాడి డౌట్ ఏమిటో చెప్పలేదేం మాస్టారూ? అసలు సంగతి దాచేశారు.

మహేంద్రతనయ, ఆదివారం ఉదయం 9.00

"సగటు నుంచి తేడాలు తీస్తే కొన్ని మైనస్ వస్తాయి, కూడితే సున్నా అయిపోతుంది, సరే. దానికోసం స్క్వేర్ చేసి, కూడి, మళ్లీ రూట్ తీయడం ఎందుకు? మైనస్ గుర్తు కొట్టేస్తే సరిపోదా?"

చాక్‌పీస్, ఆదివారం ఉదయం 9.12

ఆహా! 31 ఏళ్లలో నన్ను ఇది అడిగినవాళ్లు లేరు. చెప్పేస్తాను... వద్దు. గుణుపురం అమ్మాయి ఇక్కడే ఉందా? అమ్మా, నీ రైలు మూడు రోజులు 2, 3, 10 నిమిషాలు ఆలస్యంగా వచ్చిందనుకో. ఆ అబ్బాయి చెప్పినట్టే మైనస్‌లు కొట్టేసి, సగటు నుంచి తేడాలు కూడు. తరవాత సగటు వదిలేసి, మధ్యనున్న అంకె నుంచి కూడు. ఎంతొచ్చాయో తెలుగులో చెప్పు, ఒడియాలో చెప్పు, నీ ఇష్టం. తొందరేం లేదు.

గుణుపురం ప్యాసింజర్, ఆదివారం ఉదయం 10.25

మాస్టారూ, రైలు 10 నిమిషాలే ఆలస్యం అంటే నవ్వొచ్చింది.

సగటు 5. తేడాలు 3, 2, 5. కూడితే 10.
మధ్యది 3. తేడాలు 1, 0, 7. కూడితే 8.

మధ్యదాని నుంచే తక్కువొచ్చింది. అలాంటప్పుడు అది కదా అసలు మధ్య? మరి పుస్తకం సగటుని ఎందుకు పట్టుకుంది?

చాక్‌పీస్, ఆదివారం ఉదయం 10.31

అదీ ప్రశ్న! ఇప్పుడు అవే తేడాలు స్క్వేర్ చేసి కూడు, రెండింటికీ.

గుణుపురం ప్యాసింజర్, ఆదివారం ఉదయం 10.44

సగటు నుంచి 9, 4, 25. మొత్తం 38.
మధ్యదాని నుంచి 1, 0, 49. మొత్తం 50.

ఓహో.

ఆగండి, ఇంకో మూడు అంకెలతో చేసి చూస్తాను.